డివిజన్‌లో ముందు రోడ్డా, కాలువా?

కార్పొరేటర్ ఎన్నికలు వస్తే విజయవాడ సింగ్ నగర్ వైపు ఇంటింటికీ తిరిగే అభ్యర్థులు చెప్పేవి ముఖ్యంగా మూడు మాటలు. సీసీ రోడ్డు వేయిస్తాం, వీధి కాలువ కట్టిస్తాం, బుడమేరు వాగు ముంపు లేకుండా చేస్తాం. నగరంలో 64 డివిజన్లున్నాయి. ఒక్కో డివిజన్‌కు దక్కే నిధులతో మూడూ ఒకేసారి అయ్యే పని కాదు. అందుకే ముందు ఏది చేస్తారో అడగాలి.

బుడమేరు సంగతి మొదట చెప్తాను. 2024 సెప్టెంబరు 1న, దాని వరదను కృష్ణకు మళ్లించే డైవర్షన్ చానల్‌కు మూడు చోట్ల గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగాయి. రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. పాలప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం పడవల వైపు చేతులు చాచిన జనాన్ని చూశాక ఈ హామీయే అన్నిటికన్నా ముందుండాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ బుడమేరు గట్లు, ఆ నీటిని అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు జలవనరుల శాఖ చేతిలో ఉన్నాయి. డైవర్షన్ చానల్ నీళ్లు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గరే 11.43 లక్షల క్యూసెక్కుల వరద. కృష్ణ అంత నిండుగా పారుతుంటే చానల్ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? ఇది రాష్ట్ర ప్రభుత్వం తేల్చాల్సిన పని. కార్పొరేటర్ చేయగలిగింది, చేయాల్సింది ఒకటుంది: తన డివిజన్‌లో బుడమేరు గట్టు మీద కొత్త కట్టడం లేస్తుంటే కౌన్సిల్‌లో నిలదీయడం. అంతకు మించి మాటిచ్చేవాళ్లను నేను నమ్మను.

ఇక మిగిలింది రోడ్డు, కాలువ. రోడ్డు నెలలో పూర్తవుతుంది, అందరి కంటికీ కనిపిస్తుంది. బండి మీద వెళ్లేవాడికి నడుం నొప్పి తగ్గుతుంది, ఆటోవాడు వీధిలోకి వస్తాడు. ఈ లాభాన్ని నేను తక్కువ చేయను. కానీ మా పిన్ని వాళ్లింటికి వస్తే మీకే తెలుస్తుంది. ఇల్లు కట్టినప్పుడు గుమ్మానికి మూడు మెట్లు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోయారు. ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. గేటు కింది అంచు సిమెంటుకు తగిలి సగమే తెరుచుకుంటుంది. గంట వాన పడితే వీధి నీళ్లన్నీ వాకిట్లోకే. మబ్బు పడితే చాలు, పిన్నికి టెన్షన్. మోకాళ్ల నొప్పులతోనే వంగి, గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చి గుడ్డలు కుక్కుతుంది.

అందుకే నా దృష్టిలో కాలువే ముందు. కాలువ కట్టాక రోడ్డు వేస్తే రోడ్డు నిలుస్తుంది. రోడ్డు వేశాక కాలువ అంటే అదే రోడ్డును మళ్లీ తవ్వాలి. పాత రోడ్డు పెళ్లగించి, ఇళ్ల గుమ్మాల కన్నా కిందికి లెవెల్ చూసుకుని కొత్తది పోయాలి.

కాలువ అనగానే సంబరపడనక్కర్లేదు. వాటం లేని కాలువ దోమల తొట్టి. వీధి చివర పెద్ద కాలువలో కలవకుండా ఆగిపోయినవీ ఉన్నాయి. పూడిక తీసి గట్టునే కుప్ప పోస్తే మొదటి వానకే అదంతా లోపలికి జారుతుంది. తీసిన రోజే ట్రాక్టర్‌కు ఎత్తించే కార్పొరేటర్ కావాలి.

ఈ వరస నగరమంతటికీ సరిపోదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అక్కడి కొండవాలు ఇళ్లకు రక్షణ గోడ తర్వాతే ఏదైనా.

మా వైపు మాత్రం ఓటడగడానికి వచ్చేవాళ్లను ఈసారి ఒకటే అడుగుతాను: ఈ వీధి కాలువ నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయి? నాతో నడిచి వచ్చి ఆ చోటు చూపించినవాళ్లకే మా ఇంటి నాలుగు ఓట్లు.