చూరు కింది మదనికలను దగ్గరికి తెచ్చే కెమెరా: సోనీ హెచ్ఎక్స్99

నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. కాకతీయుల శిల్పాలను పిల్లలచేత గీయించడం నాకు ఎప్పటినుంచో ఇష్టమైన పని. ఆ పని కోసమే సోనీ సైబర్‌షాట్ హెచ్ఎక్స్99 వాడుతున్నాను. 2018లో వచ్చిన మోడల్. ఇంత పాత కెమెరా గురించి ఇప్పుడెందుకు అంటారేమో. ఫోన్‌తో కాని ఒక పని దీనితో ఇప్పటికీ అవుతుంది, అందుకు.

బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు సుమారు 242 గ్రాములు. ప్యాంటు జేబులో పడుతుంది. లెన్స్ 24 నుంచి 720 మి.మీ. దాకా వెళ్తుంది, అంటే 30 రెట్ల జూమ్. 18 మెగాపిక్సెల్ ఫొటోలు, 4కె వీడియో. వీడియో నేను పెద్దగా వాడను, దాని గురించి చెప్పను.

రామప్ప గుడి చూసినవాళ్లకు తెలుసు, మదనికలు అనే ఆ స్త్రీ శిల్పాలు మన కళ్ల ఎత్తులో ఉండవు. బయటి స్తంభాల నుంచి చూరును మోస్తున్నట్టు ఏటవాలుగా ముందుకు వంగి ఉంటాయి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. బయటి కట్టడం ఎర్ర ఇసుకరాయి, మదనికలు మాత్రం అద్దంలా నునుపు తేలిన నల్లరాయి. వాటి దగ్గరికి వెళ్లి ఫోన్ పైకెత్తి తీస్తే బొమ్మ ఒకచోట సాగుతుంది, ఇంకోచోట కుంచించుకుపోతుంది. ఆ ఫొటో ముందు పెట్టుకుని గీసిన పిల్లల బొమ్మల్లోనూ అదే వంకర వస్తుంది. గుడి చుట్టూ ఉన్న ఎత్తైన అరుగు (జగతి) దిగి అరవై డెబ్బై అడుగులు వెనక్కి వెళ్లి, 300 నుంచి 400 మి.మీ. మధ్య జూమ్ పెట్టి, కెమెరాను నిలువుగా పట్టుకుని తీస్తే ఒక మదనిక నిండుగా ఫ్రేములో పడుతుంది. దూరం నుంచి చూస్తాం కాబట్టి బొమ్మ మొత్తం కాస్త కురచగా కనిపించవచ్చు గానీ, తలకూ నడుముకూ కాలికీ ఉన్న నిష్పత్తి చెడదు. డ్రాయింగ్ నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైంది ఇంకేం ఉంటుంది?

అక్కడే నిలబడి 720 దాకా వెళ్తే నడుము నుంచి పైభాగం ఒక్కటే ఫ్రేమంతా నిండుతుంది. హారాల్లో ఏది దేని మీదుగా వెళ్తోంది, నాగిని అనే మదనిక ఒంటి మీది పాము ఎక్కడ మెలిక తిరిగింది, మడమ ఎత్తుగా ఉన్న పాదరక్షలని గైడ్లు చూపించే ఆ మదనిక పాదాలు నిజంగా ఎలా ఉన్నాయి అన్నవి ఇలా తీస్తేనే తెలుస్తాయి. "సార్, ఇక్కడ రెండు వరసలున్నాయి, మీరు ఒకటే గీశారు" అని ఎనిమిదో తరగతి అమ్మాయి బోర్డు దగ్గరికొచ్చి చెప్పగలిగిందంటే ఫొటోలో ఆ రెండో వరస ఉండబట్టే.

ఫోన్‌లో ఇంత జూమ్ లేదా అని అడుగుతారు. ఖరీదైన ఫోన్లలో 5 రెట్లు తెచ్చే విడి లెన్స్ ఉంటుంది, ఆ మేరకు బొమ్మ చక్కగానే వస్తుంది. అది దాటాక ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది, దానికి సాఫ్ట్‌వేర్ పదును పెడుతుంది. వాట్సాప్‌లో పంపడానికి ఇబ్బంది లేదు. గీయడానికి కూర్చున్నప్పుడు కథ మారుతుంది. పూసలన్నీ కలిసి ఒకటే గీత అయిపోతాయి, రాతి మీద ఉన్న పగులు చెక్కిన గీతలా కనిపిస్తుంది. శిల్పి చెక్కని గీతను పిల్లలు నమ్మి గీస్తే అది నాకు చాలా బాధ. హెచ్ఎక్స్99లో 720 దగ్గర కూడా బొమ్మ మొదటి నుంచి చివరి దాకా లెన్స్ తెచ్చిందే. నిజానికి 500 దాటాక పదును కొంచెం తగ్గుతుంది, కానీ లేని గీత పుట్టదు.

నేను దీన్నే ఎంచుకోవడానికి అసలు కారణం వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ. ఎడమ పక్కనున్న మీట జరిపితే పైకి లేస్తుంది. చిన్నదే, 6 లక్షల 38 వేల చుక్కలది, అందులో చూస్తే పెద్ద ఆనందమేమీ కలగదు. అయినా మన ఎండలో వెనక తెర మీద ఏం కనపడుతుంది? పది గంటలకే రామప్ప ఆవరణలో తెర తెల్లబారిపోతుంది. పైగా కెమెరాను కంటికి ఆనించి, మోచేతులు పక్కటెముకలకు నొక్కి పట్టుకుంటే 720 దగ్గర చెయ్యి వణుకు చాలా తగ్గుతుంది. చేతులు చాపి తెర చూస్తూ తీసినప్పుడు ఆ నిలకడ ఉండదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కళ్లజోడు ఉన్నవాళ్ల కోసం చూపుకు తగ్గట్టు సరిచేసుకునే ఏర్పాటు కూడా ఉంది. క్యానన్ ఎస్ఎక్స్740లో జూమ్ 960 దాకా ఉంది గానీ వ్యూఫైండర్ లేదు, రా ఫైలూ (తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవడానికి కెమెరా మార్చకుండా దాచే ఫొటో) రాదు. పానసోనిక్ 2025లో తెచ్చిన టీజెడ్99లో సి-టైప్ చార్జింగ్ పెట్టారు, అంతకుముందు టీజెడ్95లో ఉన్న వ్యూఫైండర్‌ను మాత్రం తీసేశారు. తయారీదార్లు దీన్ని ఎందుకింత తేలిగ్గా వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు.

ఇక వెలుతురు. ఈ కెమెరా బలహీనత అంతా ఇక్కడే ఉంది. సెన్సార్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, పూర్తి జూమ్‌లో లెన్స్ ఎఫ్ 6.4 మించి తెరుచుకోదు. అంటే వెలుతురు మనమే వెతుక్కోవాలి. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి పొద్దున కిందుగా వచ్చే ఎండ చూరు కిందికి దూరుతుంది, తూర్పు వైపు మదనికలను అప్పుడు తీయాలి. మధ్యాహ్నానికి చూరు నీడ వాటిని మింగేస్తుంది. అప్పుడు ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా పెంచే సున్నితత్వం) 800 దాటిందంటే నల్లరాయి మీద సన్నని చెక్కడం అలుక్కుపోతుంది. ఇంకో సంగతి: ఫ్రేమంతా నల్లరాయి నిండితే కెమెరా దాన్ని బూడిద రంగుగా చూపించాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో వెలుగును, మైనస్ 0.7 దగ్గర పెడితే రాయి నలుపు రాయికి ఉంటుంది. వెనక ఆకాశం కనపడుతుంటే మాత్రం ప్లస్ వైపు జరపాలి. రా ఫైల్ కూడా తీసి పెట్టుకుంటే నీడలో మునిగిన భాగాన్ని తర్వాత కంప్యూటర్లో కొంత పైకి తేవచ్చు.

రంగమండపం లోపలికి వెళ్తే కెమెరా సంచిలో పెట్టేస్తాను. ఆ చీకట్లో నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేసే ఫోన్ చాలా ముందుంది. పైకప్పు చెక్కడాలు ఫోన్‌తోనే తీయండి.

పక్షుల కోసం కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. రామప్ప చెరువు గట్టున కదలకుండా కూర్చున్న కొంగ బాగా వస్తుంది, ఎగిరే కొంగ మీద ఫోకస్ నిలవదు. చంద్రుడు బాగా వస్తాడు, పిల్లలు సంబరపడతారు.

జేబు జూమ్ కెమెరాలన్నిటికీ శత్రువు దుమ్ము. లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగినప్పుడు సందుల్లోంచి లోపలికి పోతుంది, విప్పి తుడుచుకునే వీలు ఉండదు. మేడారం జాతర దుమ్ములోకి ఇలాంటిది తీసుకెళ్లకపోవడమే మంచిది. మామూలు ప్రయాణాల్లో కూడా జిప్ ఉన్న చిన్న సంచిలో పెట్టండి, ఉత్త జేబులో వద్దు.

బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం 370 ఫొటోల దాకా. వ్యూఫైండర్, జూమ్ ఎక్కువగా వాడితే అంత రాదు, ఇంకొక బ్యాటరీ దగ్గరుంచుకోవాలి. చార్జింగ్ పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో, కార్డు కూడా ఫోన్లలో వేసే మైక్రో ఎస్‌డీ. వేళ్లు లావుగా ఉన్నవాళ్లకు ఆ కార్డు తీయడం చికాకు.

ఇప్పుడు కొత్తది ప్రతి షాపులో దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే లెన్స్ పూర్తిగా బయటికి తెప్పించి, వెనక్కి పంపించి, మధ్యలో ఆగుతోందేమో చూడండి. వ్యూఫైండర్‌ను ఎత్తి దించండి. తెల్లగోడను పూర్తి జూమ్‌లో తీసి పెద్దది చేసి చూడండి. నల్లమచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.