స్ట్రాడ్‌కి 144 హిట్ పాయింట్లు సరిపోతాయా? చాలాకాలం నడిపాక నా సమీక్ష

డైస్ వేస్తూ తలా ఒక పాత్రను ఆడే గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో నేను మిగతా విలన్లందరికంటే ఎక్కువగా నడిపింది స్ట్రాడ్‌ని. 2016లో వచ్చిన కర్స్ ఆఫ్ స్ట్రాడ్ క్యాంపెయిన్‌కి, అంటే ఎన్నో రోజులు సాగే కథకి, ఈ వాంపైర్ దొరే కేంద్రం. దీని మూలం 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసిన రేవన్‌లాఫ్ట్ అడ్వెంచర్. వేర్వేరు గ్రూపులతో, కొన్నిసార్లు టేబుల్ చుట్టూ కూర్చుని, ఎక్కువగా ఆన్‌లైన్‌లో, మొదటి లెవెల్ నుంచి చివరి కోట దాకా నడిపాను. పుస్తకం మొత్తం గురించి చెప్పాలంటే చాలా ఉంది. ఈ సమీక్ష మాత్రం ఆ ఒక్క విలన్ గురించే. ఎందుకంటే కొత్తగా నడపబోయే డీఎంలు (ఆట నడిపే డంజన్ మాస్టర్లు) అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే: "అన్నా, వీడు మరీ వీక్‌గా ఉన్నాడు, హిట్ పాయింట్లు డబుల్ చేసేద్దామా?" హిట్ పాయింట్లంటే పాత్ర ప్రాణానికి లెక్క.

వద్దనే చెప్తాను.

వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కష్టమైన శత్రువో చెప్పే అంకె) 15, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పేది) 16, హిట్ పాయింట్లు 144. అదే ఎడిషన్‌లో ఏన్షియంట్ రెడ్ డ్రాగన్‌కి 546, టరాస్క్ అనే రాక్షస జంతువుకి 676. వాటి పక్కన నిలబెడితే మన వాంపైర్ దొర బక్కపలచగానే కనిపిస్తాడు. క్యాంపెయిన్ పదో లెవెల్ దాకా వెళ్తుంది, చివరి పోరు సాధారణంగా తొమ్మిదిలోనో పదిలోనో పడుతుంది. 2014 రూల్స్ ప్రకారం రేటింగ్ 15కి 13,000 ఎక్స్‌పీ (పోరు బరువును కొలిచే పాయింట్లు). నలుగురు పదో లెవెల్ పాత్రలకు డెడ్లీ (ప్రాణాంతకం) అనే గీత 11,200 దగ్గర ఉంటుంది. కాగితం మీద ఆ గీత దాటేశాడు కాబట్టి ఢోకా లేదనిపిస్తుంది.

ఇప్పుడు సన్‌స్వోర్డ్ అనే మ్యాజిక్ కత్తి పట్టుకున్న తొమ్మిదో లెవెల్ పాలడిన్‌ని (దైవశక్తితో పోరాడే యోధుణ్ని) ఎదురుగా నిలబెట్టండి. స్ట్రెంగ్త్ 18 అనుకుందాం. కత్తి దెబ్బ, అన్‌డెడ్ (చచ్చి లేచినవాళ్ల) మీద దానికి వచ్చే అదనపు డ్యామేజ్, ఆ పైన మూడో లెవెల్ స్పెల్ స్లాట్‌తో స్మైట్ (దెబ్బకు కలిసే దైవశక్తి). సగటున దెబ్బకు 37 పైమాటే. రెండు దెబ్బలూ తగిలితే 75. ఒక్క టర్న్‌లో సగం ప్రాణం పోయినట్టే. ఆ కత్తి వెలుగు సూర్యకాంతితో సమానం కాబట్టి, స్ట్రాడ్ తన టర్న్ అందులో మొదలుపెడితే ఇంకో 20 పోతాయి, రీజనరేషన్ (పోయిన ప్రాణం తిరిగి రావడం) కూడా ఆగిపోతుంది. పార్టీలో (ఆటగాళ్ల జట్టులో) క్లెరిక్, విజార్డ్ ఇంకా చెయ్యి పెట్టనేలేదు. నడి హాల్లో నిలబడి కొట్టుకుంటే రెండో రౌండ్లో ఆట అయిపోవడం ఖాయం.

కాబట్టి నిలబెట్టకూడదు. స్ట్రాడ్ అసలు బలమంతా స్టాట్ బ్లాక్ (విలన్ అంకెలు, శక్తుల పట్టిక) కింది వరుసల్లో ఉంది. కోటలో లెయిర్ యాక్షన్ (సొంత స్థావరంలో పనిచేసే శక్తి) వాడితే గోడలు, తలుపులు, పైకప్పులు వాడికి లేనట్టే. గబ్బిలంగా, తోడేలుగా, పొగమంచుగా మారతాడు. వెలుతురు తగలనంతసేపూ ప్రతి టర్న్‌కీ 20 హిట్ పాయింట్లు తిరిగొస్తాయి. లెజెండరీ యాక్షన్‌తో (ఇతరుల టర్న్ చివర వాడే అదనపు యాక్షన్‌తో) కదిలితే ఆపర్చునిటీ ఎటాక్ (దూరంగా వెళ్లేవాడి మీద పడే దెబ్బ) పడదు. నేను వాడే పద్ధతి ఇది: గోడలోంచి వస్తాడు, ఒక ఫైర్‌బాల్ వేస్తాడు, ఎవరి టర్న్ చివరనో మళ్లీ గోడలోకి వెళ్లిపోతాడు. పార్టీ వీపులు ఆనించుకుని నిలబడి ఉంటుంది. ఎవరు ఏ యాక్షన్ రెడీ పెట్టుకోవాలన్నది వాదన. "ఒరేయ్, ఇది వాడి ఇల్లురా, మనమెక్కడ దాక్కుంటాం?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ టెన్షన్ ఇంకో మూడొందల హిట్ పాయింట్లు కలిపినా రాదు. కలిపితే వచ్చేది ఇంకో గంటసేపు డైస్ వేయడమే.

కోట బురుజులో ఉండే హార్ట్ ఆఫ్ సారో అనే మాయా హృదయం స్ట్రాడ్‌కి తగలాల్సిన మొదటి 50 డ్యామేజ్ తన మీద వేసుకుంటుంది. దాన్ని ముందే పగలగొట్టిన పార్టీకీ, దాని సంగతే తెలియని పార్టీకీ చివరి పోరు ఒకేలా ఉండదు. సున్నాకి తెచ్చినా వాడు చావడు, పొగమంచై రెండు గంటల్లోపు శవపేటిక చేరుకుంటాడు. అది కింద సమాధుల్లో ఎక్కడుందో తెలుసుకోని పార్టీ గెలిచామని కేకలు వేసి, అంతలోనే గతుక్కుమంటుంది.

హిరణ్యకశిపుడి వరాల్లా ఈ బలమంతా షరతులతో వచ్చింది. ఎండ, పారే నీళ్లు, శవపేటిక: ఇవీ సందులు. ఆయుధాలు ఎక్కడ దొరుకుతాయో టరోకా అనే జోస్యం కార్డులు ముందే సూచిస్తాయి. ఆటగాళ్లు క్యాంపెయిన్ పొడుగునా ఆ సందుల కోసమే వెతుకుతారు. అన్నీ కూడగట్టుకుని వచ్చిన వాళ్ల చేతిలో స్ట్రాడ్ త్వరగా పోతే పోనివ్వాలి. అది వాళ్లు సంపాదించుకున్నది. అక్కడ రహస్యంగా హిట్ పాయింట్లు పెంచే డీఎంలంటే నాకు చిరాకు.

ఈ రేటింగ్ 15 అనే అంకె నాకు ఎందుకు నచ్చిందంటే, వాడిని ముందునుంచీ చూపించవచ్చు. వట్టి చేతి దెబ్బకే సగటున 22 డ్యామేజ్, టర్న్‌కి రెండు దెబ్బలు. మూడో లెవెల్ విజార్డ్ ఒక్కదానికే నేలకూలతాడు. అప్పుడే వాడిని కథ జరిగే బరోవియా దారిలో ఎదురుపడనిస్తాను. మర్యాదగా పలకరిస్తాడు, కత్తి దూసిన వాడిని ఒక్కటి కొట్టి వెళ్లిపోతాడు. ఏ దెబ్బతో ఎంత పోయిందో ఆటగాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఏడో లెవెల్లో మళ్లీ ఎదురైనప్పుడు ఇద్దరు ముగ్గురు నిలబడగలుగుతారు. తాము ఎంత ఎదిగామో వాళ్లు కొలుచుకునేది ఈ విలన్‌తోనే.

ఐదు తలల డ్రాగన్ దేవత టియామాట్‌తో ఇది కుదరదు. రేటింగ్ 30, హిట్ పాయింట్లు 615, ఆరో లెవెల్ దాకా స్పెల్స్ ఆమె వద్దనుకుంటే అంటవు. అలాంటిదాన్ని మధ్యలో తెస్తే అందరూ చావాలి, లేదా డీఎం ఏదో సాకుతో వెనక్కి తీసుకెళ్లాలి. అందుకే చివరిదాకా ఆమె పేరు వినడమే తప్ప ముఖాముఖి ఉండదు. టూమ్ ఆఫ్ యనైహిలేషన్ అనే మరో క్యాంపెయిన్‌లో ఆసిరరాక్‌దీ కొంతవరకు అదే గతి. రేటింగ్ 23 ఉన్న లిచ్ (చచ్చినా బతికే మాంత్రికుడు) ముందు పదకొండో లెవెల్ లోపు పార్టీని నిలబెట్టడానికి పుస్తకం దేవతల ఆత్మలను సాయం పంపాల్సి వచ్చింది. ఆ పోరు బ్రహ్మాండంగానే ఉంటుంది, కానీ అతనితో పార్టీకి పాత పగ అంటూ ఏమీ ఉండదు. ఇక 2014 టరాస్క్ సంగతి: రేటింగ్ 30 పెట్టుకుని కూడా దూరం నుంచి కొట్టే దెబ్బ ఒక్కటీ లేదు. ఎగరగలిగే పార్టీ మ్యాజిక్ బాణాలతో తీరిగ్గా చంపేయవచ్చు. పెద్ద అంకె ఉన్నంత మాత్రాన పెద్ద ప్రమాదం అయిపోదు.

స్ట్రాడ్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. డీఎం మీద భారం ఎక్కువ. కోట మ్యాప్ నోటికి రాకపోతే గోడల్లోంచి నడిచే ఆట సాగదు, మొదటిసారి నడిపేవాళ్లకు ఈ విలన్‌ని నేను సిఫారసు చెయ్యను. స్పెల్స్ లిస్ట్ పోరుకి సరిగ్గా అమర్చలేదు. కాంప్రహెండ్ లాంగ్వేజెస్, నాన్‌డిటెక్షన్ తీసేసి షీల్డ్, కౌంటర్‌స్పెల్ పెడతాను. స్టాట్ బ్లాక్‌లో నేను చేసే మార్పు అంతే. చార్మ్ (ఎదుటివాడిని వశం చేసుకునే శక్తి) ఇంకో తలనొప్పి. డీసీ (తప్పించుకోవడానికి డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 17 కాబట్టి విజ్‌డమ్ తక్కువ ఉన్న ఫైటర్ పదేపదే దొరికిపోతాడు, తన పాత్రను తాను ఆడలేక మొహం మాడ్చుకుంటాడు. అందుకే ఒక్కో ఆటగాడి మీద ఒక్కసారికి మించి వాడను, ఆ సంగతి క్యాంపెయిన్ మొదట్లోనే చెప్పేస్తాను. కొట్టి పారిపోవడం కూడా మోతాదు మించితే విసుగే. పార్టీ ఒక మంచి ఎత్తు వేసి గదిలో ఇరికించినప్పుడు స్ట్రాడ్ ఇరుక్కోవాలి.

ఏడుగురున్న పెద్ద గ్రూపుకి ఈ సలహా మారుతుంది. అంతమంది టర్న్‌ల మధ్య మూడు లెజెండరీ యాక్షన్లు చాలవు. అప్పుడు కూడా నేను వాడి పక్కన వాంపైర్ స్పాన్‌లను (చిన్నస్థాయి వాంపైర్లను), తోడేళ్లను దించుతాను తప్ప 144ని ముట్టుకోను.

2024 రూల్స్‌కి మారినవాళ్లకు పైన వేసిన 75 లెక్క రాదు. అందులో డివైన్ స్మైట్ బోనస్ యాక్షన్‌తో (టర్న్‌కి ఒక్కసారే దొరికేది) వేసే స్పెల్ అయిపోయింది కాబట్టి టర్న్‌కి ఒక్కటే. అదే కత్తి, అదే పాలడిన్, రెండు దెబ్బలూ తగిలినా సగటు 52 దగ్గర ఆగుతుంది. కొత్త రూల్స్‌తో 2016 స్టాట్ బ్లాక్‌నే నడపాలనుకుంటే ఆ ఒక్క మార్పు వల్లే స్ట్రాడ్‌కి ఇంకో రౌండ్ ఆయుష్షు దొరికే అవకాశం ఉంది.