ప్రెషర్ గేజ్: కింది కుళాయికి ఓకే, పై బాత్రూంకి దండగ

కుళాయికి బిగించే ఈ గేజ్ డయల్ 0 నుంచి 10 బార్ (ఒత్తిడి కొలత; ఒక బార్ అంటే లక్ష పాస్కల్‌లు) దాకా ఉంది. ఇంటి ట్యాంకు నీళ్లకు అదే చిక్కు. లోతు మీటరు పెరిగితే ఒత్తిడి 1000 (నీటి సాంద్రత) × 9.8 (గురుత్వ త్వరణం), అంటే 9,800 పాస్కల్‌లు పెరుగుతుంది, దాదాపు 0.1 బార్. మా ట్యాంకులో నీటిమట్టం కింది కుళాయికి 9 మీటర్ల పైన. లెక్కకు 0.88 రావాలి, ముల్లు 1 గీతకు కాస్త ఇవతల ఆగింది, శభాష్! పై బాత్రూంలో ఎత్తు 2 మీటర్లే కాబట్టి ముల్లు కదిలీ కదలనట్టే ఉంది. ఇత్తడి మర మాత్రం గట్టిది, టెఫ్లాన్ టేపు చుడితే చుక్క కారలేదు. చూసేటప్పుడు మిగతా కుళాయిలన్నీ కట్టేయండి. పెద్ద ట్యాంకు పెడితే ఫోర్సు పెరుగుతుందని షాపాయన ఊదరగొట్టాడు గానీ, ఎన్ని లీటర్లయినా ఎత్తుదే లెక్క. 2.5 బార్ డయల్ దొరికితే అదే తీసుకోండి.