మళ్లీ చదవడమా, మూసేసి గుర్తు తెచ్చుకోవడమా?

శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ కాలేజీల్లో చదివే పిల్లలకు పరీక్షలు దగ్గరపడితే ముందున్నవి రెండు దారులు. గీతలు గీసుకున్న పేజీలనే మళ్లీ మళ్లీ తిరగేయడం ఒకటి. పుస్తకం మూసేసి, గుర్తున్నది తెల్ల కాగితం మీద రాసి, తప్పులు సరిచూసుకోవడం రెండోది.

మొదటిది హాయిగా ఉంటుంది, అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. కాసేపట్లో పరీక్ష ఉంటే పనికొస్తుంది కూడా. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పైచేయి పదేపదే చదివినవాళ్లదే. వారం గడిచాక మాత్రం వాళ్లకు గుర్తున్నది 40 శాతం. ఒక విడత చదివి మూడు విడతలు గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 61 శాతం. 2009లో రెసిడెంట్ డాక్టర్లతో చేసిన అధ్యయనంలోనూ, ఆరు నెలలు దాటాక, పరీక్షలు రాస్తూ నేర్చుకున్న పాఠంలో 39 శాతం, మళ్లీ చదివిన పాఠంలో 26 శాతం మార్కులొచ్చాయి.

డాక్టరుకు వారం కాదు, ఏళ్ల తరబడి గుర్తుండాలి. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో ఒక రైతు ఓపీకి వచ్చి నడుంనొప్పికి మందు అడిగితే, ఏ నొప్పి మాత్రలు ఇవ్వకూడదో అప్పటికప్పుడు తట్టాలి. అందుకే నా ఓటు రెండోదానికే.

అసలు అర్థం కాని పాఠానికి ఇది కుదరదు. ముందు శ్రద్ధగా చదవాల్సిందే. మొదట్లో సగం కూడా గుర్తురాక టెన్షన్ వస్తుంది. జవాబు సరిచూసుకుని, రెండు రోజులాగి, మళ్లీ వారానికి అదే ప్రశ్న వేసుకోండి. రూమ్మేట్ అడిగితే ఇంకా మంచిది.