సరుకు బాగాలేదని బిల్లు ఆపేశారా? ఎన్‌సీఎల్‌టీ, ఎంఎస్ఎంఈ కౌన్సిల్, కమర్షియల్ కోర్టు: ఏది మేలు?

సరుకు దించుకుని, వాడుకుని, డబ్బులు అడిగేసరికి ‘క్వాలిటీ లేదండీ’ అనే కంపెనీలు కొన్ని ఉంటాయి, నిజంగానే నాసిరకం సరుకు అందుకుని బిల్లు ఆపే కంపెనీలూ ఉంటాయి. రెండింటికీ మన వ్యాపారస్తులు చెప్పే మందు మాత్రం ఒకటే, ‘ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) వేసెయ్, దెబ్బకి దిగొస్తారు’ అని. నన్నడిగితే సరుకు మీద పేచీ ఉన్న బిల్లుకి అన్నిటికన్నా చివర ఆలోచించాల్సింది అదే.

ఈ సలహా పాత రోజుల నుంచి వస్తోంది. 1956 కంపెనీల చట్టంలో 500 రూపాయలు దాటిన బాకీ ఉంటే చాలు, నోటీసిచ్చి మూడు వారాలు ఆగి హైకోర్టులో వైండింగ్ అప్, అంటే కంపెనీని మూయించమనే పిటిషన్ వేయొచ్చు, పరువు పోతుందని కొందరు కట్టేసేవాళ్లు కూడా. అయితే అప్పుడు కూడా బాకీ మీద నిజమైన వివాదం ఉంటే కంపెనీ మూయించడం కుదరదని సుప్రీంకోర్టు 1971లోనే మధుసూదన్ గోర్ధన్‌దాస్ కేసులో చెప్పింది. ఇప్పుడైతే బాకీ కట్టలేదని వైండింగ్ అప్ అడిగే దారే లేదు, 2016 నాటి దివాలా చట్టం, అదే ఐబీసీ, సెక్షన్ 9 కింద ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలి. 2020 మార్చి 24 నుంచి బాకీ కనీసం కోటి రూపాయలుండాలి, సో చాలామంది చిన్న సప్లయర్లకి ఆ తలుపు అక్కడే మూసుకుపోయింది.

కోటి దాటినా అసలు చిక్కు వేరే ఉంది. ముందు డిమాండ్ నోటీసివ్వాలి, అందిన 10 రోజుల్లో అవతలివాళ్లు ‘వివాదం ఉంది’ అని జవాబిస్తారు. ఆ వివాదం మన నోటీసు అందకముందే ఉందా అన్నదే ట్రిబ్యునల్ చూసేది, ఎవరిది న్యాయమో తేల్చదు. 2017లో మోబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే వాళ్ల వాదన గెలుస్తుందా లేదా అనవసరం, ఉత్త కల్పన కాకుండా కాస్త ఆధారం ఉంటే చాలు, పిటిషన్ కొట్టేయాల్సిందే. అంటే లోడ్ దిగిన వారానికి ‘మెటీరియల్ స్పెక్ ప్రకారం లేదు’ అని వాళ్లు పెట్టిన ఒక్క ఈమెయిల్ మన ఆరు నెలల తిరుగుడుని నీళ్లలో కలిపేస్తుంది. మన నోటీసు చూశాక పుట్టించిన కంప్లయింట్ అయితే మాత్రం వాళ్లకి పనికిరాదు, అందుకే నోటీసు కొట్టే ముందు పాత మెయిల్స్, వాట్సాప్ మొత్తం తిరగేయండి.

పోనీ పిటిషన్ అడ్మిట్ అయిందే అనుకుందాం, మారటోరియం వచ్చి ఆ కంపెనీ మీద మిగతా కేసులన్నీ ఆగిపోతాయి, కంపెనీ చివరికి లిక్విడేషన్‌కి పోతే, అంటే ఆస్తులమ్మి అప్పులవాళ్లకి పంచే దాకా వస్తే, పంపకంలో మనలాంటి సరుకు బాకీవాళ్లు బ్యాంకుల వెనక ఎక్కడో నిలబడాలి. గెలిచి ఏం లాభం?

మైక్రో లేదా స్మాల్ యూనిట్ అయ్యుండి సరుకు పంపకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వమిచ్చే నమోదు) ఉంటే నా ఓటు ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే, అంటే చిన్న సంస్థల బాకీ తగాదాలు తేల్చే ప్రభుత్వ కౌన్సిల్‌కే. దీని బలం పేచీ సరుకు దగ్గరే కనిపిస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం డెలివరీ అయిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే డెలివరీ రోజే సరుకు ఒప్పుకున్నట్టు లెక్క, అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా 45 రోజులు దాటి గడువు పెట్టకూడదు, ఆ తర్వాత ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఇంకో మాట, కౌన్సిల్ అవార్డుని, అంటే దాని తీర్పుని, సవాలు చేయాలంటే కొన్నవాళ్లు అందులో చెప్పిన మొత్తంలో ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ ఆ గడువు నమ్ముకుని అప్పులు చేయకండి. కొని అమ్మే ట్రేడర్లకి ఉద్యమ్ నంబర్ ఉన్నా ఈ లేట్ పేమెంట్ రక్షణ రాదు, ఇది తెలియక వెళ్లి వెనక్కొచ్చేవాళ్లు ఉన్నారు.

కౌన్సిల్ కుదరనివాళ్లకి కమర్షియల్ కోర్టు. దావా విలువ కనీసం 3 లక్షలుండాలి, అర్జెంటు ఆర్డర్ ఏదీ అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. కోర్టు ఫీజు కడుపు మండిస్తుంది, టైమూ పడుతుంది, కానీ సరుకు బాగుందా లేదా అని సాక్ష్యాలు, ల్యాబ్ రిపోర్టులు చూసి తేల్చే చోటు ఇది, ఎన్‌సీఎల్‌టీ ఆ పని చేయదు. రాతపూర్వక కాంట్రాక్టు గట్టిగా ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ సూట్ (పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావా) వేసి చూడొచ్చు, వాళ్ల డిఫెన్స్ డొల్లగా కనిపిస్తే కోర్టు డబ్బు డిపాజిట్ చేయమని షరతు పెట్టగలదు.

మరి ఎన్‌సీఎల్‌టీ ఎప్పుడు? బాకీ కోటి దాటి, సరుకు మీద ఎక్కడా కంప్లయింట్ లేక, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉందని ఒప్పుకునే కాగితం) మీద వాళ్ల సంతకం కూడా ఉంటే వెళ్లండి. కేవలం బెదిరించడానికైతే వద్దు, దురుద్దేశంతో వేశారని తేలితే ఐబీసీ సెక్షన్ 65 కింద లక్ష నుంచి కోటి దాకా పెనాల్టీ పడొచ్చు. ఇక మీరు కొన్నవైపు ఉంటే, సరుకు బాగాలేదని ఫోన్‌లో అరిచి ఊరుకోకుండా ఆ వారంలోనే మెయిల్ పెట్టండి, ఫొటోలతో సహా.