రాత్రి కిటికీ ఎప్పుడు తెరవాలి? పెరటి వాతావరణ పరికరాలతో కొన్ని వేసవుల అనుభవం

మేముండేది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కిన్నెరసాని అడవికి దగ్గరగా. వేసవిలో 44, 45 డిగ్రీలు ఇక్కడ కొత్త కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవిలో ఎక్కడో ఒకచోట రాలిన ఆకు అంటుకుంటూనే ఉంటుంది. ఇంట్లో మా అమ్మకు ఉబ్బసం. ఎండ తగ్గాక కిటికీలు తెరిస్తే పొగ వస్తుంది, మూస్తే గది చల్లబడదు. ఈ చిక్కు కోసమే పెరట్లో పరికరాలు పెట్టుకున్నాను. ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచే మీటరు, వానమాపకం, గాలిలోని సన్నని కణాలను లెక్కించే లేజర్ సెన్సర్. వీటితో కొన్ని వేసవులు గడిచాయి కాబట్టి, కొనాలనుకునేవారికి పనికొచ్చే సంగతులు చెబుతాను.

అన్నిటికన్నా ముందు థర్మామీటరు. అది ఎంత ఖరీదైనదన్నది రెండో మాట, ఎక్కడ పెట్టామన్నదే మొదటి మాట. డాబా పిట్టగోడకు తగిలిస్తే అది గాలి వేడిని కాక గోడ వేడిని చూపుతుంది. పగలంతా ఎండ తాగిన సిమెంటు రాత్రి చాలాసేపు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది కనుక, ముఖ్యంగా రాత్రి అంకెలు చెడిపోతాయి. వాతావరణ కేంద్రాల్లో తెల్లరంగు వేసిన చెక్క పెట్టె కనిపిస్తుంది, దాన్ని స్టీవెన్‌సన్ పెట్టె అంటారు. నలువైపులా వాలు రెక్కలుంటాయి, గాలి ఆడుతుంది, ఎండ పడదు. నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తున, తలుపు ఉత్తరం వైపు ఉండేలా నిలబెడతారు. మా వీధి వడ్రంగి పాత టేకు ముక్కలతో అలాంటిదే చేసి ఇచ్చాడు. చెక్క దొరకనివారు తెల్ల ప్లాస్టిక్ పళ్లేలను సందు వదిలి ఒకదాని మీద ఒకటి బోర్లించి, నడుమ సెన్సరును వేలాడదీసినా బాగానే పనిచేస్తుంది. కింద మట్టి నేల గానీ గడ్డి గానీ ఉండాలి.

పగటి గరిష్ఠం గురించి పత్రికలు రోజూ రాస్తాయి. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠం కనీసం 40 డిగ్రీలు ఉండి, అది సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైనా, లేదా ఏకంగా 45 తాకినా భారత వాతావరణ శాఖ వడగాడ్పులుగా లెక్కిస్తుంది. తీరంలోనైతే 37 నుంచే లెక్క మొదలవుతుంది. కానీ రోజూ అంకెలు రాసుకునే నా పుస్తకంలో నేను ముందు చూసుకునేది కనిష్ఠం. పగలంతా వేడెక్కిన ఒళ్లు రాత్రి నిద్రలో కోలుకోవాలి. మే చివర, రోహిణి కార్తెలో, మా పెరట్లో తెల్లవారుజామున కూడా 30 కన్నా దిగని రోజులున్నాయి. అలాంటి రాత్రులు వరసగా వస్తే మా అమ్మ నీరసపడిపోతుంది, పగటి అంకె ఎంతైనా సరే. వాతావరణ శాఖకు కూడా వేడి రాత్రి అన్న లెక్క ఒకటి ఉంది. గరిష్ఠం 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడు, కనిష్ఠం సాధారణం కన్నా 4.5 డిగ్రీలు మించితే అది వేడి రాత్రి. వార్తల్లో దీనికి రావలసినంత చోటు రావడం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. 2015 మే నెల వడగాడ్పుల్లో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారే. ఆ తరువాతైనా రాత్రి ఉష్ణోగ్రతను మొదటి పేజీలో వేయాల్సింది.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు, నీరు ఆరడం వల్ల ఎంతవరకు చల్లబడవచ్చో అది చెబుతుంది. 44 డిగ్రీల వేడిలో తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత దాదాపు 25. అదే 36 డిగ్రీల దగ్గర తేమ 60 శాతం ఉంటే 29. అంటే థర్మామీటరు 8 డిగ్రీలు తక్కువ చూపినా, చెమట ఆరక ఒంటికి కలిగే కష్టం రెండోదాంట్లోనే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలితో నాలుగు చినుకులు పడితే అందరం హమ్మయ్య అనుకుంటాం. ఉష్ణోగ్రత నిమిషాల్లో దిగుతుంది, నిజమే. మర్నాడు ఎండ మళ్లీ కాసి నేలలోని తడి ఆవిరయ్యేసరికి ఉక్కపోత మొదలవుతుంది. కూలర్ సంగతి కూడా ఈ అంకెతోనే తేలుతుంది. నీటి కూలర్ గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత వైపు మాత్రమే దించగలదు, దాన్ని దాటి కిందికి పోలేదు. పొడి ఎండలో అది వరం. ఉక్కపోతలో, అదీ తలుపులు మూసిన గదిలో, తేమను ఇంకా పెంచుతుంది. తేమ మీటరు చూసి కూలర్‌లో నీళ్ల పంపు ఆపేసి ఫ్యాను మాత్రం నడపడం మా ఇంట్లో అలవాటైంది.

చవక తేమ సెన్సర్లు ఏడాదిలోనే దారి తప్పుతాయి. వాటిని సరిచూడటానికి వంటింటి ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దగా మాత్రమే తడిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 69 చూపిస్తే ఆ 6 తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇక పొగ. ఇక్కడి మంటలు చాలావరకు నేల మంటలే. చెట్లు ఆకు రాల్చే అడవి కాబట్టి మార్చి నాటికి ఎండాకు మందంగా పరుచుకుని ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేస్తూ పెట్టిన మంట, తునికాకు బాగా చిగురించాలని పెట్టిన మంట, ఆర్పకుండా పారేసిన బీడీ, ఏదైనా చాలు. వీటికి తోడు యాసంగి కోతల తరువాత వరి కొయ్యకాళ్లు కాలుస్తారు. లేజర్ సెన్సర్ పెట్టాక స్పష్టంగా కనిపించింది ఒకటే: పొగ పగటిది కాదు, రాత్రిది. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే పొగ చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక బరువైన చల్లగాలి కిందనే నిలిచి, పొగను పల్లంలో పట్టి ఉంచుతుంది. అర్ధరాత్రి దాటాక పీఎం 2.5, అంటే సెన్సర్ చూపే సన్నని కణాల అంకె, పెరుగుతూ పోయి, సూర్యోదయం వేళకు బాగా ఎక్కువై, పది గంటలకల్లా దిగుతుంది. వాకింగ్‌కు వెళ్లేవారు స్వచ్ఛమైన గాలి అనుకునేది ఆ సూర్యోదయం వేళనే.

సెన్సర్ చూపే అంకెను ఉన్నదున్నట్టు నమ్మకండి. కట్టెల పొగలో ఈ రకం సెన్సర్లు అసలు కన్నా ఎక్కువ, కొన్నిసార్లు రెట్టింపు దాకా చూపుతాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కార్చిచ్చు పొగ మ్యాపులో వీటి అంకెలను సవరించాకే వేస్తుంది. మంచు పట్టిన చలికాలపు తెల్లవారుజామున కణాలు తేమ పీల్చి ఉబ్బుతాయి కాబట్టి అప్పుడూ పెంచి చూపుతాయి. భోగి నాడు మంటల పొగా మంచూ కలిసినప్పటి అంకెలను నేను అసలు లెక్కలోకి తీసుకోను. దుమ్ము విషయంలో దీనికి పూర్తిగా విరుద్ధం. ముతక ధూళిని ఇవి సరిగా పట్టుకోలేవు, గాలిదుమారం లేచినప్పుడు కూడా పీఎం 10 అంకె మామూలుగానే ఉంటుంది. అందుకే అంకె కన్నా గంట గంటకూ అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూస్తాను. బల్లి గుడ్లు, సాలెగూళ్లు సెన్సర్‌కు పెద్ద శత్రువులు. గాలి రంధ్రాలకు సన్నని జాలీ తప్పనిసరి. లేజర్ ఆయుష్షు కూడా పరిమితమే. ఎస్‌డీఎస్011 రకానికి తయారీదారు చెప్పేది 8,000 గంటలు, నిరంతరం నడిపితే ఏడాది కూడా రాదు. అయిదు నిమిషాలకోసారి మాత్రమే మేల్కొనేలా పెడితే ఎన్నో ఏళ్లు వస్తుంది.

పొగ ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఉపగ్రహాలు గుర్తించిన మంటలను చూపే నాసా ఫర్మ్స్ మ్యాపు వాడతాను. ఉపగ్రహాల్లో ఉండే విర్స్ అనే పరికరం 375 మీటర్ల గడుల్లో వేడిని గుర్తిస్తుంది. ఆ ఉపగ్రహాలు దాదాపు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకూ, రాత్రి ఒంటిగంటన్నరకూ మన మీదుగా వెళతాయి. సాయంత్రం అంటుకుని రాత్రికి ఆరిపోయిన ఆకు మంట అందులో రాదు, కొమ్మల కింద సన్నగా పాకేదీ చాలాసార్లు రాదు. అలాగే రోజూ ఒకేచోట కనిపించే ఎర్ర చుక్క కార్చిచ్చు కాకపోవచ్చు, ఫ్యాక్టరీ వేడి కూడా అలాగే పడుతుంది. భారత అటవీ సర్వే సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుంటే మన ప్రాంతపు మంటల హెచ్చరికలు ఫోనుకే వస్తాయి. ఇది ఉచితం, అడవి పక్క ఊళ్లవాళ్లందరూ చేసుకోవాలని నా కోరిక.

ఇన్ని పరికరాలూ కలిసి కిటికీ గురించి చెప్పింది ఇది. మార్చి, ఏప్రిల్‌లలో బయటి గాలి గది కన్నా చల్లబడేది రాత్రి తొమ్మిది, పది మధ్య. అప్పుడు అన్ని కిటికీలూ తెరిచి, పీఎం 2.5 అంకె 60 (ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాములు) దాటగానే మూసేస్తాం. అది మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి, నేను గంట అంకెకు వాడుకుంటున్నాను. ఆ రెండు మూడు గంటల్లోనే గది చాలావరకు చల్లబడుతుంది. మే చివర తొలి జల్లులు పడ్డాక మంటలు తగ్గుతాయి, పొగ బెడద ఉండదు. కానీ అప్పటికి బయటి గాలి చల్లబడేసరికి రాత్రి రెండు అవుతుంది, అలారం పెట్టుకుని లేచి తెరుస్తాను. అమ్మ పడక వేసవంతా తూర్పు గదిలోకి మార్చాం, పడమటి గోడ రాత్రంతా వేడి వదులుతుంది కాబట్టి.

వానమాపకం గురించి ఎక్కువ చెప్పను. గొట్టంలో పడ్డ నీటిని ఉదయం 8.30కి చదివే మామూలు రకమే మంచిది, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే ముగుస్తుంది. తక్కెడ పళ్లెంలా అటూ ఇటూ ఒరిగే ఆటోమేటిక్ రకం కుండపోతలో తక్కువ చూపుతుంది. గోదావరి వరదను అంచనా వేయడానికి మాత్రం పెరటి వానమాపకం ఏదీ పనికిరాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది ఎగువన పరీవాహక ప్రాంతంలో కురిసిన వానలకు.

తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాల అంకెలు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ ద్వారా మండలాల వారీగా రోజూ దొరుకుతాయి, ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. ముందు వాటిని ఒక వేసవంతా చూడండి. తరువాత కనిష్ఠం, గరిష్ఠం, తేమ చూపే మీటరు కొనండి, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. దానికి నీడ పెట్టె చేయించండి. ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారుంటేనే సెన్సర్ కొనండి. కొంటే ఒకే రకానివి రెండు కొని మొదటి వారం పక్కపక్కనే నడపండి. రెండిటి అంకెలూ ఒకేలా పెరిగి తగ్గకపోతే వెంటనే మార్పించుకోండి. మంటల కాలానికి ముందే, జనవరిలో, ఆ పని ముగించుకోవాలి.