పండుగప్ప గుంటకు ఆప్టికల్ డీఓ మీటరు: చలికాలం చివర ఎంతవరకు నమ్మొచ్చు?

ఆప్టికల్ డీఓ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని (డీఓ) వెలుగుతో కొలిచే పరికరం, కొనదగ్గ వస్తువే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. అయితే ఉప్పునీటి గుంటల మీద వాడేవాళ్లు సెలినిటీ (నీటి ఉప్పదనం) సెట్టింగును పట్టించుకోకపోతే, ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపించి మనల్ని నిద్రపుచ్చే వస్తువు కూడా ఇదే. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు, అటు కొత్తపట్నం వైపు రొయ్య తీసేసి పండుగప్ప (సీ బాస్) చేప వేస్తున్న రైతులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఏదో ఒక్క కంపెనీ మీద రాసింది కాదిది. ఆక్వా షాపుల్లో ఆప్టికల్ డీఓ మీటరు పేరుతో అమ్మే రకం మొత్తానికీ వర్తిస్తుంది.

పెట్టెలో వచ్చేది చేతి మీటరు, కేబులు, దాని చివర ప్రోబు. ప్రోబు మూతికి బొటనవేలంత క్యాప్ ఉంటుంది. దాని లోపలి పూత మీద మీటరు నీలం వెలుగు కొడుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ పూత తిరిగి వెలిగే వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. మీటరు కొలిచేది దాన్నే. పాత మెంబ్రేన్ రకంలో పలచటి పొర, లోపల ద్రవం ఉంటాయి. అది కొలుస్తూ కొలుస్తూ ఆక్సిజన్‌ని తినేస్తుంది కాబట్టి ప్రోబును నీళ్లలో ఆడిస్తూ ఉండాలి, ఆపితే అంకె పడిపోతుంది. ఆప్టికల్‌కి ఆ బాధ లేదు. అడుగు బురదలో కుళ్లుగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట మెంబ్రేన్ ప్రోబు త్వరగా పాడవుతుంది, ఇది తట్టుకుంటుంది. పాత రొయ్యల గుంటలో పండుగప్ప వేసినవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

జనవరి, ఫిబ్రవరిలోనే దీని అవసరం ఎందుకు ఎక్కువ? చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది నిజమే. లీటరు మంచినీళ్లలో 20 డిగ్రీల దగ్గర 9.1, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది; ఇకపై చెప్పే ఆక్సిజన్ అంకెలన్నీ ఈ లెక్కలోవే. కానీ గుంటలో ఆక్సిజన్ తయారయ్యేది పచ్చ నీటిలోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నటి నాచు) వల్ల. రెండు మూడు రోజులు పొగమంచు పట్టి తొమ్మిదింటిదాకా ఎండ రాకపోతే ఆ తయారీ పడిపోతుంది. ఆ చల్లటి రోజుల్లో చేప తినక మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. ఫిబ్రవరి చివర ఎండ ముదిరేసరికి ఆ కుళ్లు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. పండుగప్ప గుంటలకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ మలుపులోనే.

మీటరులో ఆక్సిజన్ అంకె పక్కనే ఉండే ఉష్ణోగ్రతను చాలామంది చూడనే చూడరు. పండుగప్పకు 26 నుంచి 32 డిగ్రీల నీళ్లు ఇష్టం. జనవరిలో మన దగ్గర పొద్దున 23, 24 చూపించిన గుంటే మధ్యాహ్నానికి 27 దాటుతుంది. కాబట్టి పొద్దున ఆరింటికి మేత చల్లే అలవాటు ఈ రెండు నెలలూ మానుకుని, పదిన్నర, పదకొండుకి మార్చుకోవాలి. మేము పాటించే లెక్క ఇది: నీళ్లు 26 పైన ఉంటే మామూలు మేత, 24 దగ్గరకొస్తే సగం, 22 కిందికి పోతే ఆ రోజు మేత బంద్. ఎంత వెచ్చగా ఉన్నా ఆక్సిజన్ 4 దాటకపోతే మేత వేయకూడదు. కడుపు నిండిన చేపకు అరిగించుకోవడానికి ఇంకా ఆక్సిజన్ కావాలి. 40, 45 శాతం ప్రొటీన్ ఉన్న మేత నీళ్లపాలైతే ఆ నష్టం మీటరు మీద పెట్టిన డబ్బుకి తీసిపోదు.

ఇక అసలు తగువు. ఈ మీటర్లు నిజానికి కొలిచేది నీళ్లలో ఆక్సిజన్ ఒత్తిడిని, అంటే నీళ్లు పట్టగలిగినదాంట్లో ఎంత ఉందో చెప్పే సాచురేషన్ శాతాన్ని. మిల్లీగ్రాముల అంకెను ఉష్ణోగ్రత, సెలినిటీ కలిపి లెక్కగట్టి చూపిస్తాయి. ఉష్ణోగ్రత ప్రోబుకి తెలుసు. సెలినిటీ మనం చెప్పాలి. చాలా మీటర్లలో అది సున్నా మీద పెట్టి వస్తుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు పట్టేది 8.26 అయితే, 15 పీపీటీ (వెయ్యి వంతుల్లో 15 వంతుల ఉప్పు) ఉప్పునీళ్లు పట్టేది 7.57 మాత్రమే. సెట్టింగు సున్నా మీద ఉండిపోతే ప్రతి అంకె 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్ మీద 4.0 ఉంటే గుంటలో ఉండేది 3.7. 25 పీపీటీ నీళ్లయితే తేడా 15 శాతం. గాలిలో పెట్టి అంకె సరిచూసే క్యాలిబ్రేషన్‌లో ఈ తప్పు బయటపడదు. అక్కడ చూసుకునేది శాతాన్ని, అది 100 సరిగ్గానే చూపిస్తుంది.

మన జిల్లాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో. అప్పుడు బకింగ్‌హాం కాలువలో, ఉప్పుటేర్లలో ఉప్పు పలచబడుతుంది. జనవరి నుంచి వాన లేక, ఎండకు ఆవిరి అయ్యేకొద్దీ వారం వారం పెరుగుతుంది. డిసెంబరులో 5 అని కొట్టి మరిచిపోయిన మీటరు, నీళ్లు 20కి చేరేసరికి మళ్లీ 9 శాతం అబద్ధం చెబుతుంది. చేప మాత్రం ఉప్పు మారినా చలించదు, మంచినీళ్ల నుంచి సముద్రపు ఉప్పు దాకా బతుకుతుంది. అందుకే రొయ్యల రైతు రోజూ చూసే సెలినిటీని పండుగప్ప రైతు చూడటం మానేస్తాడు. వారానికోసారి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో రెండు చుక్కలేసి చూసి, ఆ అంకెను మీటరులో కొట్టాలి. కొన్ని మోడళ్లలో బ్యాటరీలు మార్చగానే ఈ సెట్టింగు చెరిగి మళ్లీ సున్నాకి పోతుంది. ఇది మాత్రం తయారీదారులు సిగ్గుపడాల్సిన లోపం.

క్యాలిబ్రేషన్ పావుగంట పని. ప్రోబు తొడుగులోని స్పాంజిని తడిపి, నీళ్లు కారకుండా పిండాలి. క్యాప్ మీద నీటి బొట్టు ఉంటే మెత్తటి గుడ్డతో అద్ది, తొడుగులో పెట్టి నీడలో పది నిమిషాలు వదలాలి. ఉష్ణోగ్రత అంకె కదలకుండా నిలిచాక 100 శాతానికి సెట్ చేయాలి. గట్టు మీద ఎండలో నిలబడి హడావిడిగా చేస్తే ప్రోబు వేడెక్కి లెక్క తప్పుతుంది. నెలకోసారి సున్నా కూడా చూసుకోండి. 100 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపి ప్రోబు ముంచితే కాసేపటికి అంకె సున్నాకి దిగాలి. 0.3, 0.4 దగ్గరే ఆగిపోతుంటే క్యాప్ అయిపోవచ్చిందని అర్థం.

కొలిచే చోటు విషయంలో తప్పులు ఎక్కువ. ఏరియేటర్ (నీటిని చిలికి గాలి కలిపే యంత్రం) పక్కన బల్ల మీద నిలబడి ప్రోబు జారవిడిస్తే వచ్చేది ఏరియేటర్ అంకె, గుంట అంకె కాదు. ఈ నెలల్లో ఈశాన్య గాలికి నీటి మీది పచ్చదనం, నురగ నైరుతి మూలకు కొట్టుకొస్తాయి. రాత్రి అవన్నీ ఊపిరి పీల్చేది అక్కడే. కాబట్టి ఆ మూలలో, అడుగుకి జానెడు పైన ప్రోబు పెట్టి చూడాలి. బురద తగలనివ్వకండి. అంకె నిలవడానికి నిమిషం దాకా పడుతుంది. పది సెకన్లకే పైకి లాగేవాళ్లు గాలి అంకె చదివి సంతోషపడతారు. కేబులు 3 మీటర్లది చాలదు, 4 తీసుకోండి. గుంట లోతు ఒకటిన్నర మీటరే అయినా గట్టు వాలు మీద నుంచి అందాలి కదా.

తెల్లారుజామున నాలుగింటికి లేవలేనివాళ్లకు మీటరుతో ఒక లెక్క ఉంది. రాత్రి 8కి ఒకసారి, 11కి ఒకసారి చూడండి. 7.4 నుంచి 6.2కి దిగిందనుకోండి, గంటకి 0.4 పడుతున్నట్టు. పొద్దున 6కి ఇంకా ఏడు గంటలుంది, 2.8 పోతుంది, మిగిలేది 3.4. అంటే ఆ రాత్రి ఏరియేటర్ వేయక తప్పదు. అంకె 5కి దిగేది రెండింటికి కాబట్టి టైమర్ ఆ వేళకు పెట్టుకుంటే సరి. మబ్బు పట్టిన సాయంత్రం మొదటి అంకే తక్కువ ఉంటుంది, అప్పుడు ఇంకా ముందే వేయాలి. ఏడాది పొడవునా రాత్రంతా ఏరియేటర్ తిప్పి కరెంటు బిల్లు కట్టేవాళ్లకు మీటరు డబ్బు ఈ లెక్కలోనే తిరిగొస్తుంది.

చేప తేలాక ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లుదాం అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూడండి. ఎకరం గుంట, ఒకటిన్నర మీటర్ల నీళ్లు అంటే సుమారు 6,070 ఘనపు మీటర్లు. అందులో ఆక్సిజన్ లీటరుకి ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే 6 కిలోల పైన ఆక్సిజన్ కావాలి. ఆ టాబ్లెట్లలో ఉండే సోడియం పెర్కార్బొనేట్‌లో పనికొచ్చే ఆక్సిజన్ 13 శాతం దగ్గర. అంటే 46, 47 కిలోల టాబ్లెట్లు. రెండు కిలోల డబ్బా ఒక మూలకు ఊపిరినిస్తుందేమో, గుంటను కాపాడదు.

గ్రేడింగుకి, అంటే చేపను సైజు వారీగా వేరుచేయడానికి, వల వేసే రోజు కూడా మీటరు చేతిలో ఉండాలి. పిల్ల దశలో పండుగప్ప తన పొడవులో మూడింట రెండు వంతులున్న తోటి పిల్లను మింగేస్తుంది కాబట్టి పెద్దవాటిని వేరుచేయక తప్పదు. చలికాలం ఆఖర్న ఎదుగుదలలో తేడాలు బాగా కనిపిస్తాయి. సగటు బరువు చూడ్డానికి కొందరు గాలం వేస్తారు. గాలానికి పడేవి ఆకలిగా తిరిగే చురుకైన చేపలు, సగటు ఎక్కువొస్తుంది. లాగుడు వలే మేలు. ముందురోజు మేత ఆపి, పొద్దున తొమ్మిది దాటాక, ఆక్సిజన్ 5 పైన ఉన్నప్పుడు లాగాలి. చేప వల సంచిలో గుమిగూడాక ప్రోబు సంచిలోనే పెట్టండి. గుంటలో 6 ఉన్నా సంచిలో నిమిషాల్లో 3కి పడటం కళ్లారా చూడొచ్చు. చల్లటి నీళ్లలో పొలుసు ఊడిన చేపకు గాయం త్వరగా మానదు, విబ్రియో బ్యాక్టీరియా అంటుకునేది అక్కడే. సంచి అంకె 4కి దిగితే సగం చేపను వదిలేయండి.

లోపాలు ఇంకా ఉన్నాయి. స్క్రీన్ ఎండలో సరిగ్గా కనబడదు. గాలి ఒత్తిడి కొలిచే మోడల్‌కి ఎక్కువ డబ్బు అడుగుతారు, సముద్రమట్టానికి ఇంత దగ్గరున్న మన గుంటలకు అది దండగ. క్యాప్ ఏడాది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే. స్పిరిట్‌తో తుడిచినా, ప్రోబును ఎండలో పడేసినా ఇంకా ముందే పోతుంది. పక్కవాళ్లకు మీటరు ఇచ్చి తెచ్చుకుంటే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే మీ గుంటలో ముంచండి.

ఒక్క గుంటే ఉండి అదీ మంచినీళ్ల బొచ్చె, శీలావతి అయితే చుక్కల కిట్ (నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు చూసేది) సరిపోతుంది. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి మొదటి రెండు మందులు వేశాక గోధుమరంగు తరకలు దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉండిపోతే లేనట్టు. టార్చి వెలుగులో చివరి రంగు మారడం పట్టుకోవడం కష్టం, అంతే. మీటరు కొన్నవాళ్లు కూడా ఒక కిట్ గుంట మీద ఉంచుకుంటే, అంకె మీద అనుమానం వచ్చిన రోజు తేల్చుకోవచ్చు.

కొనేటప్పుడు షాపులో బేరం మీటరు మీద కాదు, క్యాప్ మీద చేయండి. విడి క్యాప్ ఎంత, ఎన్నాళ్లకు తెప్పిస్తారు, వారంటీ దానికీ ఉందా అని బిల్లు మీద రాయించుకోండి. వాడకపోయినా క్యాప్ వయసు నడుస్తూనే ఉంటుంది కాబట్టి పెట్టె మీద తయారీ తేదీ చూసి, పాతదైతే అక్కడే తిరిగిచ్చేయండి.